పత్రి తోటకు తాళం

మా వారి పేరున నాంపల్లిలో ఒక తోట ఉంది. తోట అనగానే పెద్దగా ఊహించుకోకండి. మా సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మూడు మూలల ముక్క అది. ఒక్క ఆటో అడ్డంగా పెడితే చాలు, తోట కనపడదు. రోజూ ఎవరో ఒకరు పెడతారు.

మావాళ్ళది కోస్తా. రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు మా మామగారు ఆఫీసు ఫైళ్ళతో పాటు వచ్చారు. ఫైళ్ళు ఆ తర్వాత ఎక్కడెక్కడికో పోయాయి గానీ మా కుటుంబం నాంపల్లి దాటలేదు. మా వారు కూడా ఇక్కడే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాల మీద పెత్తనం చేసే గుమాస్తాగా రిటైరయ్యారు. ఆ ఉద్యోగం గురించి ఆయన ఇంట్లో ఒక్క మాట చెప్పగా నేను వినలేదు. నోరు విప్పితే మొక్కల గురించే.

అందరికీ ఉండే మొక్కల సరదా కాదు ఆయనది. ఎవరైనా గులాబీ మొక్క ఇస్తే తీసుకుని ఇంకొకరికి ఇచ్చేసేవారు. ఆయనకు కావలసినవి వినాయక చవితి పూజలో వాడే ఇరవై ఒక్క రకాల ఆకులు, అంటే పత్రి. పెళ్ళైన కొత్తలో ఒక చవితికి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పత్రి కట్ట కొనుక్కొచ్చి పూజకు కూర్చున్నారు. మాచీపత్రం సమర్పించాలని పుస్తకంలో ఉంది. మాచీపత్రం ఏదని కట్టంతా విప్పి చూశారు. వేపాకు ఉంది, కానుగాకు ఉంది, ఎవరింటి ప్రహరీ మీదో కత్తిరించిన పొద ఆకు ఉంది. మిగతా ప్రపంచం ఇలాంటప్పుడు దణ్ణం పెట్టుకుని చేతికొచ్చిన ఆకు వేసేస్తుంది. ఈ మహానుభావుడు పూజ ఆపేశారు. పట్టుబట్టతోనే సైకిలెక్కి ఊరంతా తిరిగి, మాచీపత్రం దొరక్క, పొద్దు వాలాక వచ్చారు. ఉండ్రాళ్ళు గట్టిపడ్డాయి. నాకు ఆకలికి కళ్ళు తిరిగాయి. ఆ పూటే నిర్ణయం జరిగిపోయింది, ఇక మీదట మన పత్రి మనమే పెంచుకుంటామని. 'మన' అన్నారు గానీ నన్నెవరూ అడగలేదు.

మేం కిరాయికి ఉండేది రెండో అంతస్తులో. పైన డాబా. కొన్నేళ్ళలో ఆ డాబా మీద బట్టలారేసుకునే చోటు కూడా లేకుండా పోయింది. పెయింటు డబ్బాల్లో మాచీపత్రం, మరువం, విష్ణుక్రాంత. నూనె డ్రమ్ముల్లో మారేడు, జమ్మి, మామిడి, వావిలి. జిల్లేడు, ఉమ్మెత్త లాంటివాటిని లోకమంతా పీకి పారేస్తుంటే ఈయన వాటికి కుండీలు కొన్నారు. ఉత్తరేణి గింజలు నా చీర కుచ్చిళ్ళకు అంటుకుని వంటింట్లోకి వచ్చేవి, ఒకసారి పప్పులోకి కూడా వచ్చాయి. రావి మొక్కను చెట్టు కానివ్వకుండా ఏటా కత్తిరించి పొట్టిగా ఉంచేవారు. దాన్ని చూస్తే మాత్రం నాకు జాలేసేది. ఆదివారం వస్తే అబిడ్స్‌లో పాత పుస్తకాలు పరిచే చోటికి వెళ్ళి, అట్టలు ఊడిన మొక్కల పుస్తకాలు తెచ్చేవారు. వాటిలో బొమ్మలు నల్లగా మసిబారి, ఏ ఆకు చూసినా ఒకేలా ఉండేది. ఆయన మాత్రం భూతద్దం పెట్టుకుని తేడాలు చూసేవారు.

ఇరవై కుదిరాయి. దేవదారు ఒక్కటి కుదరలేదు. అది చలికొండల చెట్టు. ఉత్తరాది యాత్రలకు వెళ్ళే ప్రతివాళ్ళనూ బతిమాలి ఒక మొక్క తెప్పించుకునేవారు. అది చలికాలమంతా బతికి, ఎండలు మొదలవగానే పోయేది. దానికి నీడ కట్టి, పొద్దునా మధ్యాహ్నమూ తడిగుడ్డ కప్పేవారు. నాకు జ్వరమొస్తే మాత్ర బల్ల మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయిన మనిషి. దేవదారు పోయినప్పుడల్లా ఆయనకు ఆ పూట అన్నం సహించేది కాదు. నేను శుభ్రంగా తినేదాన్ని.

చవితి ముందు రోజు ఆయనకు అబిడ్స్‌లో ఒక పని ఉండేది. పెద్ద పోస్టాఫీసు దగ్గర ఫుట్‌పాత్ మీద ఒకామె ఏడాది పొడుగునా పూలు అమ్ముతుంది, చవితికి పత్రి అమ్ముతుంది. పాలమూరు వైపు పల్లె నుంచి వచ్చి చాదర్‌ఘాట్‌లో ఉంటున్న మనిషి. ఈయన వెళ్ళి ఆమె గంప పక్కన నిలబడి, కొనేవాళ్ళకు వినపడేలా, "ఇది మాచీపత్రం కాదు, చామంతి ఆకు" అనేవారు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"దేవునికి లేని తకరారు నీకేంది సారూ," అంది ఆమె. "జర పక్కకు జరుగు. గిరాకి ఖరాబ్ జేయకు."

ఈయన జరగలేదు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అప్పటి నుంచి ఆ రోజున ఆయనతో అబిడ్స్ వెళ్ళడం మానేశాను. ఆయన మాత్రం ఏటా గోనెసంచి చంకన పెట్టుకుని వెళ్ళేవారు. సంచి ఎందుకని నేను అడగలేదు. దారిలో ఎక్కడైనా మంచి పేడ ఎరువు కనపడుతుందేమోనని ఆయన సంచి లేకుండా గడప దాటరు.

అబిడ్స్ వెళ్ళే లోపే డాబా మీద కోత అయిపోయేది. ఏడాదంతా బిడ్డల్లా సాకిన మొక్కల్ని పుల్లలు మిగిలేలా దూసేసేవారు. చిన్న చిన్న కట్టలు కట్టి, అరటి నారతో బిగించి, బిల్డింగులో ప్రతి గుమ్మానికీ తిరిగి ఇచ్చేవారు. అందరూ రెండు చేతులా అందుకునేవారు. "ఎందుకు సార్ మీకింత శ్రమ" అనేవారు. అది మర్యాదకు అన్న మాట కాదని నాకు మర్నాడు తెలిసేది.

మర్నాడు, అంటే పండుగ పొద్దున, మెట్ల కింద చెత్తడబ్బాలో ఆయన కట్టలు కట్టినవి కట్టినట్టే ఉండేవి. అరటి నార కూడా విప్పలేదు. మొదటిసారి చూసినప్పుడు నాకు కడుపు మండిపోయింది. కింది వాటా ఆవిడను నిలబెట్టి అడిగేశాను. ఆవిడ ఏమీ తడబడలేదు.

"ఒకళ్ళిచ్చిన ఆకులతోటి పూజ చేస్తె పుణ్యం ఇచ్చినోళ్ళకే పోతదట గదా వదినా," అంది. "గందుకే మేం అబిడ్స్‌ల కొనుక్కొస్తం. సారుకు చెప్పకు, బాధపడ్తరు."

బిల్డింగు మొత్తానిదీ అదే లెక్క. పుణ్యం దగ్గర మొహమాటపడేవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు. ఆయనకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు, దేవదారు పోయినప్పుడు చూశాను కదా. ఆయన పాలకు కిందికి దిగేలోపు నేనే లేచి, ఆ కట్టలన్నీ సంచిలో వేసి, సందు చివర చెత్తకుప్పలో పారబోసి వచ్చేదాన్ని. ఏటా అదే పని. ఇంట్లో పండుగ ముగ్గు కంటే ముందు అదే. ఆ చెత్తకుప్ప ఉన్న చోటే ఇప్పుడు తోట ఉంది.

ఆయన మాఘంలో పోయారు. గుండె. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. చుట్టాలందరూ వెళ్ళిపోయాక డాబా ఎక్కితే మొక్కలు తలలు వేలేసి ఉన్నాయి. ఆయన బతికుండగా వాటికి ఒక చెంబు నీళ్ళు పోసిన పాపాన పోలేదు నేను. ఆ రోజు పోశాను. మర్నాడూ పోశాను. ప్రేమతో పోశానని అనను, కోపంగానే పోశాను. ఎండాకాలమంతా బకెట్లు మోసి నడుం పట్టేసింది. అయినా ఒక్కదాన్ని కూడా చావనివ్వలేదు.

ఎండలు తగ్గుతుండగా ఇంటి ఓనరు పైకి వచ్చాడు. డాబా మీద ఇంకో అంతస్తు వేస్తాడట.

"వానలు పడేదాక ఆగుత అమ్మా," అన్నాడు. "అటెన్క గీ డబ్బలు, డ్రమ్ములు తీసెయ్యాలె. మీరే జర చూడుండ్రి."

మంచివాడే, తొందరపెట్టలేదు. కానీ జిల్లేడు, ఉమ్మెత్త ఎవరింట్లో పెట్టుకుంటారు? నర్సరీ అతను వచ్చి చూసి, డ్రమ్ములైతే తీసుకుంటానన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, ఆయన పోవడం ఒక ఎత్తు, ఇవి పోవడం ఇంకో ఎత్తు అని. ఇవి బతకాలి. ఎక్కడో ఒకచోట మట్టిలో నిలబడాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదని కాలనీ సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన రిటైరైన డ్రిల్ మాస్టారు. అంతా విని, మీటింగు పెడదామన్నాడు.

మీటింగులో మొదట విగ్రహం అన్నారు. విగ్రహం పెట్టేంత పని ఆయనేం చేసిండని ఒకరు న్యాయంగానే అడిగారు. తర్వాత ఓపెన్ జిమ్ అన్నారు. తర్వాత ఫౌంటెన్ అన్నారు, మంచినీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే సందులో. చివరికి అధ్యక్షుడు బల్ల మీద చరిచి, "మొక్కలున్నయి, జాగ ఉన్నది. తోట పెడదాం. చెత్తకుప్ప గూడ పోతది," అన్నాడు. ఆఖరి మాటకే అందరూ చేతులెత్తారని నా అనుమానం.

చెత్తకుప్ప అంత తేలిగ్గా పోలేదు. మున్సిపాలిటీ వాళ్ళు ఎత్తి, ఎర్రమట్టి పోసి, ఇనప కంచె వేశాక కూడా జనం అలవాటు కొద్దీ కంచె మీంచి కవర్లు విసిరేవారు. ముందు బోర్డు వచ్చింది, తర్వాత మొక్కలు వచ్చాయి. బోర్డు మీద ఆయన పేరు, కింద 'వృక్షప్రేమి' అని రాయించారు. ఆ వృక్షప్రేమి చేతిలో ఒక్కటి కూడా వృక్షం కాలేదని నేను చెప్పలేదు. పైన ఆయన ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. ప్రారంభోత్సవానికి కట్టిన ఫ్లెక్సీలో సంఘం వాళ్ళందరూ పెద్దగా నవ్వుతుంటే, ఆయన కింద మూలన విసుగ్గా ఉన్నారు. ఆ ఫ్లెక్సీని తెచ్చి జమ్మికి కట్టారు. జమ్మి ముళ్ళకు అది మధ్యలోకి చిరిగింది. నాకు కొంచెం తృప్తిగా అనిపించింది. దేవదారు కోసం ఒక చోటు ఖాళీగా వదలమని అడిగాను. అక్కడ సిమెంటు బెంచీ వేశారు.

శ్రావణంలో మొక్కల్ని డాబా మీంచి దింపి నాటారు. నాటిన మాలి చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"వేర్లు పట్టేదాక ఆకు ముట్టొద్దమ్మా. ఇప్పుడు దూస్తె చస్తయి."

శ్రావణం అయితే భాద్రపదం, భాద్రపదం రాగానే చవితి. పత్రి మొక్కల తోటను సరిగ్గా చవితి ముందు తెరిచిన ఘనత మా కాలనీకే దక్కింది. ముహూర్తం చాలా బాగుందట. పైగా అధ్యక్షుడు ఫోటోలు తీసి, 'అసలైన పత్రి ఇప్పుడు మన నాంపల్లిలో' అని వాట్సాప్‌లో పెట్టాడు. అది ఖైరతాబాద్ దాకా వెళ్ళిందని గర్వంగా నాకే చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా పండుగ చేసుకోరు. కాబట్టి చవితి పొద్దున ఊళ్ళో పని లేనిదాన్ని నేనొక్కదాన్నే. ముందు రోజే గేటుకు తాళం వేయించి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను. తెల్లవారి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వెళ్ళేసరికి గేటు ముందు జనం. స్నానాలు చేసి, బొట్లు పెట్టుకుని, చేతుల్లో కవర్లతో. మా బిల్డింగు వాళ్ళందరూ ఉన్నారు. కింది వాటా ఆవిడ ముందు వరసలో ఉంది.

"ఇవాళ పుణ్యం ఎవరికి పోతుంది?" అని అడిగాను.

"ఇప్పుడు సర్కారు జాగ గదా వదినా," అంది. "ఎవ్వలదీ కాదు. మనకే వస్తది."

లోపలికి వెళ్ళి, మళ్ళీ తాళం వేసి, గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేళ్ళు పట్టలేదు, ఇప్పుడు దూస్తే చచ్చిపోతాయి అని చెప్పాను. ఒక్కొక్క ఆకే అన్నారు. ఒక్కొక్క ఆకే అని అంతమంది అంటే ఏం మిగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అధ్యక్షుడు వచ్చి, పబ్లిక్ పార్కు కదమ్మా, మూసిపెడితే బాగుండదు అని నసిగాడు. వెనక నుంచి ఎవరో, "సారుంటె ఇస్తుండె," అన్నారు.

అప్పుడు లేచాను.

"ఇచ్చారు. ఏటా గుమ్మం దాకా తెచ్చి ఇచ్చారు. మీరు చెత్తడబ్బాలో పడేశారు. నార కూడా విప్పలేదు. ఆయన చూస్తే తట్టుకోలేరని ఏటా ఆ చెత్త ఎత్తింది నేను. ఇదిగో, ఈ బోర్డు పాతిన చోటే పోశాను. ఇప్పుడు కవర్లు పట్టుకుని నిలబడటానికి సిగ్గుగా లేదూ మీకు?"

ఇంకా చాలా అన్నాను, అవి రాయను. ఎవరూ వెళ్ళలేదు. పండుగ పూట అన్ని మాటలు పడ్డాక ఆకులు లేకుండా ఎలా వెళ్తారు?

ఆ గుంపును తోసుకుంటూ ఒకామె ముందుకు వచ్చింది. నెత్తి మీద గంప, చేతిలో వేపమండలు. అబిడ్స్ పూలామె. జుట్టు నెరిసింది గానీ గుర్తుపట్టాను. ఆమెకు బోర్డు చదవడం రాదు. ఫోటోను, దాని మీది దండను చూసింది. గంప దించింది.

"సారు పోయిండా?"

పోయారని చెప్పాను.

"నిన్న మాపటి దాక జూసిన. రాలే," అంది. "గీ గల్లీ పేరు చెప్తుండె. ఎతుక్కుంట వచ్చిన." కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత, "ఇప్పుడు నా పత్రి ఎట్ల?" అంది.

నీ పత్రి ఏమిటని అడిగాను.

"ఏటా సారే గదమ్మా తెచ్చిచ్చేది. గోనెసంచి నిండ. నేను వేపాకు, కానుగాకు తెచ్చుకుంట. సారు తెచ్చినయి నడుమల పెట్టి కడ్త. నేను పైసలియ్యలే, సారు అడగలే." జనం వైపు తిరిగి, కింది వాటా ఆవిడను చూసి, "గీ అమ్మ ఏటా నా తాన్నే కొంటది. బేరం మస్తు జేస్తది," అంది.

కింది వాటా ఆవిడ చేతిలో కవరును మడతల మీద మడతలు పెట్టసాగింది.

మరి ఆ గొడవంతా ఏమిటి, పక్కన నిలబడి ఇది కాదు అది కాదు అనడం ఏమిటి, అని అడిగాను.

"అది గూడ చేస్తుండె," అంది. "ఆకులు ఇచ్చుడు ఇచ్చుడే, నోరు నోరే. గా నోటికి నాకు సగం గిరాకి పోతుండె."

అది ఆయనే. ఇంక అనుమానం లేదు. తాళం తీసి, ఆమెను ఒక్కదాన్ని లోపలికి రానిచ్చి, మళ్ళీ వేశాను. అధ్యక్షుడు ఇంటికి వెళ్ళి కత్తెర తెచ్చాడు. కొమ్మకు ఒక్కటి, అదీ ముదురాకు, చిగురు జోలికి పోవద్దు అన్నాను. అలా అయితే మొక్కలు చావవు. మిగతా కట్ట ఆమె వేపాకుతో నింపుతుంది, అది ఆమెకు అలవాటే. గేటు బయట గోనెపట్టా పరిచి అమ్ముతుంది, వాళ్ళు కొనుక్కుంటారు. పుణ్యం తగాదా కూడా ఉండదు. పార్కు దగ్గర అమ్మకాలు పెట్టొచ్చా అని అధ్యక్షుడు అడగబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

ఇద్దరం వంగి కోస్తున్నాం. నాకు ఒక్క సంగతి మింగుడు పడలేదు. బిల్డింగులో ఇంటింటికీ ఇస్తూ, మళ్ళీ నీకెందుకు తెచ్చి ఇచ్చారు అని అడిగాను.

"ఆళ్ళు పడేస్తరని సారుకు ఎరుకే గదమ్మా."

ఆయనకు తెలియదని, నేను తెలియనివ్వలేదని చెప్పాను.

"ఎందుకు తెల్వది? కొనుక్కుంటెనే ఆళ్ళు దేవునికి పెడ్తరు, నువ్వు అమ్ము, అంటుండె." ఆమె మారేడు రెమ్మ వంచి పట్టుకుని, నా వైపు చూడకుండానే చెప్పింది. "మరి ఇంటింటికి ఎందుకు తిరుగుతవు సారూ అని నేను గూడ అడిగిన. మా ఆమె నేను బాధపడ్త అని పొద్దుగాల్నే లేచి గవన్ని పారబోసి వస్తది, నేను ఇచ్చుడు బంద్ జేస్తె నాకు ఎరుకైందని తెలుసుకుంటది, గందుకే ఇస్త, అన్నడు. నువ్వు పోయి వచ్చేదాక కండ్లు మూసుకొని పంటడట."

ఆ మెట్లు నేను చెప్పులు చేత్తో పట్టుకుని దిగేదాన్ని, చప్పుడైతే ఆయన లేస్తారేమోనని. తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పక్కన పడుకునేదాన్ని. ఆయన గోడ వైపు తిరిగి ఉండేవారు. కాసేపయ్యాక లేచి, ఒళ్ళు విరుచుకుని, "ఇవాళ మంచి నిద్ర పట్టిందోయ్" అనేవారు. ఏ చవితికీ ఆ మాట తప్పలేదు.

మరువం మడి పక్కన మట్టిలో కూలబడిపోయాను. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. కంచె అవతల నుంచి ఎవరో కట్ట ఎంత అని అడిగారు.

"జర ఆగుండ్రి," అంది ఆమె. "అమ్మ ఏడుస్తున్నది."